పుంగనూరు పోయిన పొట్లం

శనివారం కోసం అన్నమ్మ వేసుకున్న పథకంలో పుంగనూరు లేదు. తెల్లవారుతూనే మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు ఎక్కాలి. కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పాలి. పదకొండుకల్లా కుప్పంలో సమావేశం మొదలుపెట్టి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. దారిలో పుంగనూరు తగులుతుంది, నిజమే. కానీ అది కిటికీలోంచి చూడాల్సిన ఊరే గానీ దిగాల్సిన ఊరు కాదు.

అన్నమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. తనకే రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషనై, బాగై, ఊరికే కూర్చోలేక తనలాంటి ఆడవాళ్ళను పోగుచేసి ఒక సంఘం నడుపుతోంది. జీతం లేదు, భత్యం లేదు, పెత్తనం మాత్రం నిండుగా ఉంది. సంఘాలు నడిపేవాళ్ళకు బెంగళూరులో ఇచ్చిన శిక్షణకు వెళ్ళి వచ్చినప్పటి నుంచి ఆమెకు గోప్యత పట్టుకుంది. ఎవరికి ఏ జబ్బు వచ్చిందో, ఎవరు ఏం కుట్టించుకున్నారో మూడో కంటికి తెలియకూడదు. సంఘానికి బోర్డు లేదు. సభ్యురాళ్ళు బజారులో ఎదురుపడితే పలకరించుకోకూడదని కూడా నియమం పెట్టబోయింది గానీ, కమరున్నీసా ఒప్పుకోలేదు. "నోరు కుట్టుకునే దారం నా అంగట్లో లేదక్కా" అనేసింది.

కమరున్నీసా దర్జీ. సంఘంలో అన్నమ్మ తర్వాతి మనిషి, ఆమెకూ అదే ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేసినవాళ్ళు జాకెట్టు లోపల పెట్టుకునే ప్యాడ్లు కుట్టేది ఆమే. మెత్తని నూలు గుడ్డలో దూది కూరి, బరువు కోసం ఆవాలు పోస్తుంది. బరువు లేకపోతే మనిషి ఒక పక్కకు వాలినట్టు ఉంటుంది మరి. ఆవాలే ఎందుకంటే, అవి ఆమె అంగట్లో ఎప్పుడూ బస్తాతో ఉంటాయి. పసిబిడ్డల తల గుండ్రంగా రావాలని తల కింద పెట్టే ఆవాల దిండ్లు కుట్టడంలో ఆమెకు పీలేరు నుంచి పలమనేరు దాకా పేరుంది. ప్యాడుకైనా దిండుకైనా అదే గుడ్డ, అవే ఆవాలు, అదే చెయ్యి.

బస్సు ఊరు దాటాక అన్నమ్మ ఇడ్లీ పక్కన పెట్టి, కుప్పానికి తీసుకెళుతున్న పొట్లం ఒకసారి విప్పి చూసుకుంది. చూసి మళ్ళీ మూసింది. మళ్ళీ విప్పింది.

"కమరూ, ఏందిది?"

పక్క సీట్లోని కమరున్నీసా వంగి చూసింది. "ఏనుగులక్కా."

"ఏనుగుల బొమ్మలని నాకూ కనపడతాండాది. మునీశ్వరి ప్యాడ్ యాడ?"

"యా అల్లా! రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టినా. ఒకటి మనది, ఇంకోటి పుంగనూరు ఇందిరమ్మది. ఆయమ్మ మనవడ్ని ఈ పొద్దు ఉయ్యాల్లో ఏస్తాండారు. దిండు పొట్లం మొదటి బస్సు కండక్టరు చేతికియ్యమని మా ఆయనకు చెప్పినా. ఈయన మనది ఇచ్చేసినట్టుండాడు."

"పొట్లం మీద పేరు రాసేదానికేమి?"

"రాయొద్దని చెప్పిందెవురక్కా?"

అన్నమ్మ కిటికీ వైపు తిరిగింది. తిరిగినంత మాత్రాన దిగులు తగ్గలేదు. మునీశ్వరిది శాంతిపురం. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి బట్టల కంపెనీలో పనిచేసే మనిషి, ఆపరేషన్ అయినప్పటి నుంచి సంఘం మీటింగుకు తప్ప గడప దాటడం లేదు. సోమవారం పనిలోకి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కంపెనీవాళ్ళు చెప్పేశారు. "ఇట్ల ఒక పక్క ఖాళీగా పెట్టుకోని నలుగుర్లోకి ఎట్ల పొయ్యేదక్కా? నువ్వు చెప్పే ఆ ప్యాడ్ నాకు కుదిరితే పనికి పోతా. కుదరకుంటే పోను, మీ మీటింగుకూ మళ్ళా రాను" అని ఫోనులో ఏడ్చింది. ఆమె కొలతలకే కమరున్నీసా రెండుసార్లు విప్పి మూడోసారి కుట్టిన ప్యాడ్ అది. ఇంకొకటి కుట్టాలంటే సోమవారం దాటిపోతుంది.

కమరున్నీసా పుంగనూరుకు ఫోను చేసింది. అటు వైపు పాటల హోరులో ఎవరో ఎత్తి, "భోజనాలు పదకొండుకి! అందరూ రండి!" అని అరిచి పెట్టేశారు. ఇంక చేసేదేముంది, పుంగనూరులో దిగారు.

దిగేముందు అన్నమ్మ వేలు చూపించింది. "లోపలికి పోయి, దిండు మారిందని చెప్పి, తీసుకోని వచ్చేస్తాం. అదేందో ఎవురికీ చెప్పేది లేదు. నువ్వసలు నోరు తెరవొద్దు."

"అది దిండు కాదని తెలిస్తే వాళ్ళే ఇచ్చేస్తారు గదక్కా?"

"తెరవొద్దంటి గదా."

ఇందిరమ్మ ఇంటి ముందు షామియానా, దాని కింద ఊళ్ళో ఆడవాళ్ళంతా. వసారాలో పూలు చుట్టిన ఉయ్యాల, పాటలు పాడేవాళ్ళ కోసం ఉయ్యాల పక్కనే మైకు. ఇందిరమ్మ భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. కొడుకు బాలప్ప టమాటాల వ్యాను నడుపుతాడు. మార్కెట్లో పదిమందితో పోట్లాడి వచ్చేవాడు ఇంట్లో తల్లి ముందు మాత్రం గొంతు పెగల్చడు. ఆమె ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకుని, లోపలికి చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. ఉయ్యాల్లో బిడ్డ, బిడ్డ తల కింద మునీశ్వరి ప్యాడ్. బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు.

"రామ్మా కమరున్నీసా, ఏం దిండు కుట్టినావమ్మా!" అని ఎదురొచ్చింది పక్కింటి బయ్యమ్మ. "నాలుగు దినాలుగా ఇల్లు పీకి పందిరేసినోడు, తల కింద పెట్టంగానే పడుకున్యాడు. మెత్తగా, గుండ్రంగా, మధ్యలో చిన్న గుబ్బ కూడా పెట్టినావే, అదెందుకు?"

కమరున్నీసా నోరు తెరవబోయి అన్నమ్మ వైపు చూసి మూసుకుంది.

"చిన్న పొరపాటు జరిగిందమ్మా," అంది అన్నమ్మ, వార్డులో మందు తాగనివాళ్ళతో మాట్లాడే గొంతుతో. "ఈ ఏనుగుల దిండు మీది. ఆడుండేది వేరేవాళ్ళది. మార్చుకోని పోతాం."

"వేరేవాళ్ళంటే ఎవురు?" అంది ఇందిరమ్మ, చెయ్యి తియ్యకుండానే.

"కుప్పం వాళ్ళు."

"ఎన్నో నెల బిడ్డ?"

అన్నమ్మకు ఉక్కపోసింది. "కొంచెం... పెద్ద బిడ్డే."

"పెద్ద బిడ్డకు ఆవాల దిండేల? తలకాయ ఎప్పుడో గట్టిపడుంటాది గదా!" అంది బయ్యమ్మ. నలుగురూ నవ్వారు.

"ఆ బిడ్డకు ఏనుగులియ్యండి," అని తీర్పు చెప్పేసింది ఇందిరమ్మ. "ఇది ఈడనే ఉంటాది. నిద్రపొయ్యే బిడ్డను లేపేదేంది? కూర్చోండి, పాయసం తాగి పోదురు."

"చెప్పేద్దామక్కా," అని గొణిగింది కమరున్నీసా. అన్నమ్మ ఆమె కాలు తొక్కింది.

అన్నమ్మ జన్మలో అబద్ధమాడలేదు. సూది వేసేటప్పుడు నొప్పి ఉండదని చెప్పేది గానీ, అది ఉద్యోగంలో భాగం. అబద్ధం అలవాటు లేనివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, ఆడక ఆడక ఒకటి ఆడితే కొలత తెలియదు. అప్పుడామె గుక్క తిప్పుకోకుండా ఇలా అంది.

"ఆ దిండు బిడ్డ కింద ఉండకూడదమ్మా. దాంట్లో పోసింది తినే ఆవాలు కాదు, ఇత్తనాలకని పురుగుల మందు కలిపిన ఆవాలు. తెలీక పడినాయి."

ఆ తర్వాత నిశ్శబ్దం ఆ ఇంట్లో మళ్ళీ కనపడలేదు. ఎవరో బిడ్డను ఎత్తారు, బిడ్డ ఆకాశం చిల్లుపడేలా ఏడ్చాడు, ఆ ఏడుపు మైకులో పడి వీధి చివరి వరకూ వెళ్ళింది. బిడ్డ తల్లి కళ్ళు తిరిగి కూర్చుంది. ఇంకెవరో ఆమె మీద నీళ్ళు చల్లబోయి పాయసం చల్లారు. బాలప్ప ఆసుపత్రికి పోదామని వ్యాను స్టార్టు చేసి, బిడ్డను ఎక్కించుకోకుండానే గేటు దాటి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అయ్యో నా మనవరాలు!" అని గుండెలు బాదుకుంది బయ్యమ్మ. "మూడు నెల్లుగా ఈయమ్మ కుట్టిన దిండు మీదే పడుకోనుండాది!" ఆమె ఇంటికి ఫోను చేసి దిండు తీసి దిబ్బలో వెయ్యమంది. ఆ మాట విని ఇంకో ఇద్దరు కూడా ఫోన్లు తీశారు. వాళ్ళిళ్ళల్లోనూ కమరున్నీసా దిండ్లే.

కమరున్నీసా ముఖం ఎర్రబడింది. "అన్నమ్మక్కా, పదేండ్ల నా పేరు! నా ఆవాలు నీళ్ళల్లో కడిగి ఎండబెట్టి పోస్తా నేను! మందంట, మందు!"

"నువ్వుండు కమరూ."

"యాలుండాల? నీ గోప్యత బాగుండాది, నా అంగడి మూతబడతాది!"

పక్కనే నిలబడ్డ బయ్యమ్మకు వీళ్ళ మాటల్లో ఏదో తేడా కనిపించింది. ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుంది. ఆమె నిన్నటి దాకా పొలం చేసిన మనిషి. "ఆగండాగండి. ఈమె కాదంటాది, ఆమె అవునంటాది. మందు వాసన మనకు తెలీదా? కోసి సూస్తాం. కత్తెర తెండి."

కత్తెర రానే వచ్చింది. బయ్యమ్మ ఉయ్యాల్లోంచి ప్యాడ్ తీయబోతే, దాన్ని ఇందిరమ్మ గుండెకు అదుముకుని ఉంది. విచిత్రం, ఇంత గొడవలోనూ ఆమె దాన్ని వదల్లేదు. "ఇయ్యి వదినా, కోసి సూస్తాం" అని బయ్యమ్మ దాని అంచు పట్టుకుంది. కత్తెర కుట్టు మీద ఆనింది.

అన్నమ్మకు ఆ క్షణంలో శిక్షణ గుర్తు లేదు, నియమం గుర్తు లేదు. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చే మునీశ్వరి ఒక్కతే గుర్తుంది. ఒక్క ఉదుటున ముందుకు వచ్చి ఉయ్యాల కర్ర పట్టుకుని అరిచింది.

"కోయొద్దు! అది దిండు కాదు! రొమ్ము! క్యాన్సరొచ్చి ఆపరేషన్ చేసినోళ్ళు లోపల పెట్టుకునేది! నాకూ వచ్చింది, నేనూ పెట్టుకోనుండా, ఇప్పుడు బాగుండా! మా మదనపల్లె సంఘంలో అందరికీ కమరే కుట్టేది! మందూ లేదు మాకూ లేదు, అబద్ధం చెప్పినా! ఆవాలు మంచివి!"

ఆమె నోటికి జానెడు దూరంలో మైకు ఉందన్న సంగతి మొత్తం అయ్యాక తెలిసింది. "ఆవాలు మంచివి" అన్న మాట ఎదురింటి గోడకు తగిలి మళ్ళీ వినిపించింది. వీధిలో వెళుతున్న మోటార్ సైకిల్ ఒకటి ఆగింది. షామియానా కింద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ళుగా సొంత పాస్టరమ్మకు కూడా చెప్పని మాట పుంగనూరంతా వినేసింది. అన్నమ్మకు సిగ్గుతో ఏడుపు వచ్చింది.

ఇందిరమ్మ కుర్చీలోంచి లేచింది. బయ్యమ్మ చేతిలోని కత్తెర తీసి పక్కన పడేసింది.

"ఏందమ్మా నువ్వు! ఇంతసేపూ దిండు దిండని సతాయిస్తివి. చేతిలోకి తీసుకుంటానే నాకు తెలిసిపాయ ఇది తలకాయ కింద పెట్టేది కాదని."

అన్నమ్మ తెల్లబోయింది. "తెలిసీ బిడ్డ తల కింద యాల పెట్టినారు?"

"ఇంక యాడ పెట్టేది? ఇంటి నిండా జనం. బిడ్డ తల కిందుంటే ఎవురూ ముట్టరు. సాయంత్రం అందరూ పోయినాక తీసి పెట్టుకుందామనుకుంటి." ఆమె భారీ గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. "నేను తొమ్మిదేండ్లుగా తువ్వాలు మడిచి దోపుకోని తిరగతాండా. కూర్చుంటే ఒక పక్కకు పోతాది, లేస్తే ఇంకో పక్కకు పోతాది. పెండ్లిండ్లలో నేను వంగి వడ్డించనని ఊరంతా నాకు పొగరంటాది. పొగరా అది?"

గేటు దగ్గర నిలబడ్డ బాలప్ప నోరు తెరిచాడు. "అమ్మా, వేలూరులో నీకు గర్భసంచి ఆపరేషనని చెప్పినారే!"

"పైనో కిందో ఏదో ఒకటి. నువ్వు నోరు మూసుకో."

ఆ తర్వాత ఆమె అన్నమ్మ మీదికి తిరిగింది. "నాకొకటి చెప్పమ్మా. మదనపల్లె ఈడికి ఎంత దూరం? కూతవేటు. ఆడ నువ్వు సంఘం పెట్టుకోని, ఈయమ్మ చేత ఇవి కుట్టిచ్చి, ఎవురికీ తెలీకుండా దాచిపెట్టుకోనుంటే, నాలాంటోళ్ళకు తెలిసేదెట్ల?"

శిక్షణలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కమరున్నీసా మాత్రం ముఖం నిండా నవ్వుతూ, ఇంతవరకు నోరు తెరవనివ్వని అక్కను ఓరగా చూసింది.

"మాదంతా తప్పే," అంది అన్నమ్మ చివరికి. "మీకూ ఒకటి కుట్టిస్తాం. అది మాత్రం ఇచ్చేయండమ్మా."

"ఇయ్యను. ఆ కుప్పం ఆమెకు ఇంకోటి కుట్టుకోండి. నేను తొమ్మిదేండ్లు ఓర్చుకున్యా, ఆమె ఒక వారం ఓర్చుకోలేదా?"

సరిగ్గా అప్పుడే అన్నమ్మ ఫోను మోగింది. కంగారులో ఎక్కడో నొక్కితే మునీశ్వరి గొంతు అందరికీ వినిపించింది. "అక్కా, యాడుండారు? ఈడ నలుగురం కూర్చోనుండాం. నువ్వు రాలే, అది రాలే. నాకు రాసిపెట్టి లేదులేక్కా. నేను ఇంటికి పోతాండా. సోమవారం పనికి రానని కంపెనీవాళ్ళకు చెప్పేస్తా." ఆ తర్వాత మాటలు లేవు, వెక్కిళ్ళే.

ఇందిరమ్మ చేతిలోని ప్యాడ్ వైపు చూసింది. ఒకసారి నిమిరింది. అప్పుడు ఫోను లాక్కుంది.

"ఎవురే నువ్వు? యాడికి పొయ్యేది? పని ఇడ్చిపెడతావా, కాళ్ళిరగ్గొడతా! చెప్పులు ఇప్పి కూర్చో. కదిలినావంటే సూడు. నీది నేనే తెస్తాండా!"

అటువైపు వెక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఇందిరమ్మ ఉయ్యాల్లో బిడ్డను పడుకోబెట్టి, ఏనుగుల దిండు పెట్టి, చెవిలో పేరు మూడుసార్లు గబగబా చెప్పి, "అయిపాయ, అందరూ భోంచేయండి" అంది. బిడ్డ ఏనుగుల మీద కూడా నిద్రపోయాడు. దిబ్బలో పడ్డ దిండ్లు తెచ్చి కడుక్కోమని బయ్యమ్మ మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టింది.

బాలప్ప వ్యాను ముందు సీటు ఇద్దరికి సరిపడేది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు ఇరుక్కున్నారు. వెనక ఖాళీ టమాటా ట్రేలు దబదబలాడుతున్నాయి. పలమనేరు దాటకముందే కమరున్నీసా సంచిలోంచి టేపు తీసి ఇందిరమ్మ కొలతలు మొదలుపెట్టింది.

"రోడ్డు సూడు బాలప్పా," అంది ఇందిరమ్మ.

"రోడ్డే సూస్తాండామ్మా," అన్నాడు బాలప్ప, పాపం, మెడ బిగబట్టి. కుప్పం చేరేదాకా ఆ మెడ తిరగలేదు. వి.కోట దగ్గర తిరగాల్సిన మలుపు కూడా తిరగకుండా ముందుకు పోయి, అందరి చేతా తిట్లు తిని వెనక్కి తిప్పాడు.

వాళ్ళు కుప్పం హాలుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. మునీశ్వరి చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒంటి చుట్టూ శాలువా బిగించి. తక్కిన ముగ్గురూ ఆమె పక్కనే ఉన్నారు.

"పోదామనుకున్యా అక్కా," అంది అన్నమ్మను చూసి. "ఎవురో పెద్దామె తిట్టింది. బయమేసి కూర్చోనుండా."

"నేనే ఆ పెద్దామెను," అంది ఇందిరమ్మ. "పో లోపలికి."

కమరున్నీసా మునీశ్వరిని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు మూశారు. అన్నమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. ఇందిరమ్మ తలుపు వైపే చూస్తూ, తన భుజం మీది తువ్వాలు మడుస్తూ విప్పుతూ ఉంది. కాసేపటికి లోపలి నుంచి ఒక చిన్న నవ్వు వినిపించింది.

తలుపు తీసుకుని మునీశ్వరి వచ్చింది. ఒంటి మీద శాలువా లేదు. రెండు చేతులూ పైకెత్తి చూసింది, వంగి చూసింది, అటూ ఇటూ నడిచి చూసింది. కదల్లేదు, జారలేదు. "బరువుండాదక్కా," అంది ఆశ్చర్యంగా. "నిజంగా ఉన్నట్టే ఉండాది." అని ఇందిరమ్మ దగ్గరికి పోయి, ఎందుకో ఆమెనే కావలించుకుంది. ఇందిరమ్మ ఏడవలేదు గానీ, చాలాసేపు ముక్కు తుడుచుకుంటూనే ఉంది. అన్నమ్మ మాత్రం దాచుకోకుండా ఏడ్చింది.

సోమవారం పొద్దున, ఏడు కూడా కాకముందు, అన్నమ్మకు మునీశ్వరి నుంచి ఫోను వచ్చింది. పట్టాల చప్పుడులో మాట సరిగ్గా వినపడటం లేదు. "రైలెక్కినానక్కా! ఎవురూ నన్ను సూడలేదు. ఒక్కరూ సూడలేదు. ఎవురి గొడవ వాళ్ళది. కానీ సీటు దొరకలే, బంగారపేట దాకా నిలబడే పోవాలేమో!"

కుప్పం రైల్లో సీటు విషయంలో మాత్రం ఆ సంఘం ఇంతవరకు ఎవరికీ ఏమీ చేయలేకపోయింది.